ప్రాథమిక తొలి తరగతుల్లో సృజనాత్మక రచన, చిత్రకళా కృత్యాలు

ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు తమ అనుభవాలను, ఊహలను సొంత మాటల్లో, రాతలో, బొమ్మల్లో, చేతిపనిలో వ్యక్తం చేయడానికి బడిలో చేపట్టే పనులను సృజనాత్మక రచన, చిత్రకళా కృత్యాలు అంటారు. కథ అల్లడం, గేయాన్ని పొడిగించడం, బొమ్మ గీసి దాని గురించి రాయడం, మట్టితో ఆకారాలు చేయడం, కాగితం మడతలు, ముసుగుల తయారీ వీటిలో ముఖ్యమైనవి. 1, 2, 3 తరగతుల్లో రచన, చిత్రకళ వేర్వేరు విషయాలుగా కాక ఒకదానినొకటి ఆనుకుని సాగుతాయి. అక్షరాలు ఇంకా పూర్తిగా పట్టుబడని పిల్లలకు చెప్పదలచుకున్నది కాగితం మీద పెట్టడానికి బొమ్మే మొదటి సాధనం. ఈ వ్యాసం ఆ కృత్యాల చరిత్ర, రకాలు, నిర్వహణ, మూల్యాంకనాలను, వాటిపై ఉన్న విమర్శలను తెలుగు రాష్ట్రాల పాఠశాలలను ప్రధానంగా తీసుకుని వివరిస్తుంది.

## నిర్వచనం, పరిధి

చూచిరాత, ఉక్తలేఖనం, ప్రశ్నకు పాఠంలోని జవాబు రాయడం సృజనాత్మక రచన కిందికి రావు. వాటిలో రాయవలసిన విషయం ముందే నిర్ణయమై ఉంటుంది. ఏమి చెప్పాలో, ఎలా చెప్పాలో ఎంచుకునే వీలు పిల్లలకు ఉన్నప్పుడే అది సృజనాత్మక రచన అవుతుంది. అచ్చులో ఉన్న బొమ్మకు గీత దాటకుండా రంగు వేయడం చేతి పట్టుకు అభ్యాసమే తప్ప స్వేచ్ఛాచిత్రణ కాదు.

తెలుగు వాచకాల్లో ఈ పనులు ‘స్వీయరచన’, ‘సృజనాత్మకత’, ‘ప్రశంస’, ‘ప్రాజెక్టు పని’ వంటి శీర్షికల కింద కనిపిస్తాయి. సాధారణంగా స్వీయరచనలో పిల్లలు పాఠాన్ని ఆలోచించి సొంత వాక్యాల్లో రాస్తారు. సృజనాత్మకత కింద కథ, గేయం, సంభాషణ, బొమ్మ, ముసుగు వంటి కొత్త రూపాన్ని తయారుచేస్తారు.

## చరిత్ర

### ఐరోపా, ఇతర దేశాలు

చిన్నపిల్లల చదువులో చేతిపనికి క్రమబద్ధమైన స్థానం కల్పించినవారిలో జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ ప్రముఖుడు. 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్‌లో ఆయన ప్రారంభించిన సంస్థ తర్వాత కిండర్‌గార్టెన్‌గా పేరు పొందింది. కాగితం మడవడం, అల్లడం, గీయడం, మట్టితో బొమ్మలు చేయడం అక్కడి దినచర్యలో భాగం. ఆస్ట్రియా చిత్రకారుడు ఫ్రాంజ్ చిజెక్ 1897లో వియన్నాలో పిల్లల కోసం చిత్రకళా తరగతి నెలకొల్పాడు. పెద్దల బొమ్మలకు నకళ్లు దించడం కాక, పిల్లల చిత్రాలకు వాటిదైన పద్ధతి ఉందని ఆ తరగతి చాటింది. హెర్బర్ట్ రీడ్ 1943లో ప్రచురించిన ‘ఎడ్యుకేషన్ త్రూ ఆర్ట్’ విద్యకంతటికీ కళ పునాది కావాలని వాదించింది.

రచన విషయంలో ఫ్రాన్స్ ఉపాధ్యాయుడు సెలెస్టిన్ ఫ్రెనే చేసిన ప్రయోగం పేరుపొందింది. 1924లో బార్ సుర్ లూ అనే ఊళ్లో తరగతి గదిలోనే చిన్న అచ్చుయంత్రం పెట్టి, పిల్లలు రాసుకున్న పాఠాలను వారి చేతనే అచ్చువేయించాడు. న్యూజీలాండ్‌లో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్ వార్నర్, ప్రతి పిల్లా పిల్లవాడూ అడిగిన మాటలనే కార్డుల మీద రాసి చదువు నేర్పింది. ఆమె పుస్తకం ‘టీచర్’ 1963లో వచ్చింది. పొంతన లేని రెండు మాటలను జతచేసి కథ పుట్టించే పద్ధతిని ఇటలీ రచయిత జాన్ని రోదారి 1973లో తన ‘గ్రమాటికా దెల్లా ఫాంటసియా’లో వివరించాడు.

### భారతదేశం

రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో శాంతినికేతన్‌లో ప్రారంభించిన పాఠశాల పాటకు, బొమ్మకు, నాటకానికి చదువులో చోటిచ్చింది. 1919లో అక్కడ చిత్రకళ బోధించే కళాభవన్ ఏర్పడింది. 1930లో వెలువడిన ఠాగూర్ బెంగాలీ వాచకం ‘సహజ్ పాఠ్’కు నందలాల్ బోస్ బొమ్మలు వేశాడు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిర్ నెలకొల్పి కథ, ఆట, నాటకాల ద్వారా చదువు చెప్పే పద్ధతిని ప్రచారం చేశాడు. గాంధీజీ ప్రతిపాదించిన, 1937 వార్ధా మహాసభ ఆమోదించిన నయీ తాలీం చేతిపనిని చదువుకు కేంద్రంగా చేసుకుంది. సేవాగ్రామ్‌లో కళ బోధించిన దేవీప్రసాద్ ఆ అనుభవాన్ని కళే విద్యకు ఆధారమన్న సూత్రంగా గ్రంథస్థం చేశాడు.

జాతీయ విద్యా ప్రణాళికా చట్రం–2005 కళలను అదనపు వ్యాపకంగా కాక పాఠ్యవిషయంగా చూడాలని సూచించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం కృత్యాలు, అన్వేషణల ద్వారా నేర్చుకోవడాన్ని విద్యాప్రణాళిక లక్షణాల్లో ఒకటిగా పేర్కొంది. జాతీయ విద్యావిధానం–2020 మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించింది. ఆ దశకు ప్రత్యేక విద్యా ప్రణాళికా చట్రం 2022 అక్టోబరులో వచ్చింది. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతికి ‘బాంసురి’ పేరుతో కళల పాఠ్యపుస్తకం వెలువరించింది.

### తెలుగు ప్రాంతాలు

తెలుగులో పిల్లల రాతలకు, బొమ్మలకు మొదటి పెద్ద వేదికలు బడి బయటే ఏర్పడ్డాయి. ‘రేడియో అన్నయ్య’, ‘అక్కయ్య’గా పేరొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించారు. 1945లో ‘బాల’ పత్రికను ప్రారంభించి పిల్లల రచనలకు చోటిచ్చారు. రచయిత ముళ్లపూడి వెంకటరమణ, చిత్రకారుడు బాపు బాల్యంలో వేసిన తొలి అడుగులు ఈ పత్రికలోనే పడ్డాయి.

బడిలో మార్పు ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకంతో స్పష్టంగా కనిపించింది. బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో 1980లలో మొదలైన ఈ పథకం ఆరు బోధనా సూత్రాలను ముందుకు తెచ్చింది. చేసి నేర్చుకోవడం, పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసిన పనిని తరగతి గదిలో ప్రదర్శించడం వాటిలో ఉన్నాయి. గోడలకు తాడు కట్టి పిల్లల బొమ్మలు వేలాడదీసే అలవాటు ప్రభుత్వ పాఠశాలల్లో విస్తరించడానికి ఇది ఒక ముఖ్య కారణం. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం ఏకోపాధ్యాయ పాఠశాలల కోసం అభ్యసన నిచ్చెన పద్ధతిని రూపొందించింది. ఇందులో పిల్లలు గుర్తుల బొమ్మలున్న కార్డుల ఆధారంగా ఎవరి వేగంతో వారు ముందుకు సాగుతారు.

ఉమ్మడి రాష్ట్రంలో వెలువడిన రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం–2011 ఆధారంగా వాచకాలు మారాయి. సృజనాత్మకత, ప్రశంస భాషా సామర్థ్యాల జాబితాలో చేరాయి. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఈ వారసత్వాన్ని తమ తమ పుస్తకాల్లో కొనసాగించాయి.

## సిద్ధాంత భూమిక: బొమ్మ నుంచి రాతకు

పిల్లల బొమ్మలు వయసును బట్టి దశలుగా మారుతాయని పలువురు పరిశోధకులు గుర్తించారు. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో ప్రతిపాదించిన వర్గీకరణ ఎక్కువగా వాడుకలో ఉంది. దాని ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ల వరకు పిచ్చిగీతల దశ. నాలుగు నుంచి ఏడేళ్ల మధ్య తలకే కాళ్లు చేతులు తగిలించిన మనుషుల బొమ్మల వంటివి కనిపిస్తాయి. ఏడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య ఇల్లు, చెట్టు, మనిషికి ఒక స్థిరమైన నమూనా ఏర్పడుతుంది, కాగితం అడుగున నేలగీత, పైన ఆకాశం వస్తాయి. ఒకటి, రెండు తరగతుల్లో ఈ చివరి రెండు దశల పిల్లలూ పక్కపక్కనే కూర్చుంటారు.

పిల్లలు కంటికి కనిపించినది కాక తమకు తెలిసినది గీస్తారని జార్జ్ ఆన్రీ లూకే 1927లో వివరించాడు. ఇంటి గోడలోంచి లోపలి మంచం, పొయ్యి కనిపించేలా గీయడం, ఆవు కడుపులో దూడను చూపడం ఇందుకు ఉదాహరణలు. ఇవి లోపాలు కావు, ఆలోచనా విధానానికి ఆనవాళ్లు. సోవియట్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త లెవ్ వైగాట్‌స్కీ సైగ, ఆట, బొమ్మలను రాతకు పూర్వరంగంగా పరిగణించాడు. బాల్యంలో ఊహ, సృజన గురించి ఆయన రాసిన పుస్తకం 1930లో వచ్చింది.

రాత విషయంలో న్యూజీలాండ్ పరిశోధకురాలు మేరీ క్లే 1975లో, అమెరికాకు చెందిన డొనాల్డ్ గ్రేవ్స్ 1983లో ప్రచురించిన గ్రంథాలు ప్రభావం చూపాయి. అక్షరాలన్నీ వచ్చాకే రాయించాలన్న అభిప్రాయాన్ని ఇవి ప్రశ్నించాయి. పిల్లలు తాము విన్న ధ్వనిని బట్టి సొంతంగా వర్ణక్రమం కల్పించుకుంటారని, అది యాదృచ్ఛికం కాదని చార్లెస్ రీడ్ 1971లో చూపాడు. తెలుగు రాతలో ఒత్తులు, పూర్ణానుస్వారం, దీర్ఘాలు సాధారణంగా ఆలస్యంగా స్థిరపడతాయి. ‘పిల్లి పాలు తాగింది’ అన్న వాక్యాన్ని ఒకటో తరగతి పిల్ల ‘పిలి పాలు తగిది’ అని రాయవచ్చు. ఒత్తు, దీర్ఘం, సున్న జారిపోయినా కర్త, కర్మ, క్రియల వరస సరిగ్గానే ఉంది.

## రకాలు

### సృజనాత్మక రచన

- చెప్పించి రాయడం: పిల్లలు చెప్పిన వాక్యాలను ఉపాధ్యాయులు వారి మాటల్లోనే నల్లబల్ల మీద లేదా చార్టు మీద రాస్తారు. తర్వాత అందరూ వేలు పెట్టి చదువుతారు.
- గేయం పొడిగింపు: తెలిసిన గేయపు నడకలో కొత్త జంతువు, కొత్త పండు పెట్టి చరణం అల్లుతారు. ప్రాస, లయ చెవికి పట్టుబడతాయి.
- కథ మలుపు తిప్పడం: తెలిసిన కథ ముగింపు మార్చడం, కొత్త పాత్రను ప్రవేశపెట్టడం, సగం కథ విని మిగతాది పూర్తిచేయడం.
- మాటల జత: ‘గొడుగు’, ‘చేప’ వంటి పొంతన లేని రెండు మాటలిచ్చి కథ అడగడం.
- సంభాషణ: రెండు జంతువులో, ఇంట్లోని రెండు వస్తువులో మాట్లాడుకుంటే ఏమనుకుంటాయో ఊహించి చెప్పడం, రాయడం.
- పొడుపు కథలు: వస్తువు లక్షణాలను గమనించి కొత్త పొడుపు కథ తయారుచేయడం.
- నిత్యావసర రాతలు: పుట్టినరోజు శుభాకాంక్షల కార్డు, బడి వేడుక ఆహ్వాన పత్రిక, చిన్న లేఖ, దినచర్య.

### చిత్రకళ, చేతిపని

- గీత, రంగు: పలక మీద బలపంతో, నేల మీద సుద్దముక్కతో, కాగితం మీద మైనపు రంగులతో స్వేచ్ఛాచిత్రణ.
- అచ్చులు: వేలిముద్రలకు కాళ్లు, తోకలు గీసి చీమలు, కోడిపిల్లలు చేయడం. బెండకాయ ముక్కను రంగులో ముంచి అద్దితే పువ్వు ఆకారం వస్తుంది. ఆకు వెనక వైపు ఈనెలు ఉబ్బెత్తుగా ఉంటాయి కాబట్టి అచ్చుకు అటువైపే రంగు పూస్తారు.
- అతికింపు: పాత పత్రికలు, పెళ్లి శుభలేఖలు, ఎండుటాకులు, గుడ్డముక్కలు, గింజలతో బొమ్మ కూర్చడం.
- కాగితం మడతలు: పడవ, విమానం, టోపీ, సిరాబుడ్డి.
- మట్టిపని: చెరువుమట్టి, బంకమట్టితో పండ్లు, ఎడ్లబండి, వంటపాత్రలు, వినాయక చవితికి చిన్న ప్రతిమ.
- ఆకుపని: తాటాకు గిలక, కొబ్బరాకు బూర, ఆకుల తోరణం.

### మేళవింపు కృత్యాలు

రచన, చిత్రకళ కలిసిన పనులకు తొలి తరగతుల్లో ఎక్కువ ప్రాధాన్యం ఉంది. బొమ్మకు శీర్షిక పెట్టడం, నాలుగు బొమ్మలను వరసలో పెట్టి కథ చెప్పడం, కాగితపు సంచితో చేతికి తొడిగే బొమ్మ చేసి దానితో మాట్లాడించడం, ముసుగులు ధరించి కథను అభినయించడం, బడి నుంచి ఇంటికి దారి పటం గీసి ఎదురయ్యేవాటి పేర్లు రాయడం, గోడపత్రిక నడపడం ఈ కోవలోవి.

## నిర్వహణ

### సాధారణ సోపానాలు

కృత్యం సాధారణంగా ఐదు మెట్లుగా సాగుతుంది. మొదటిది అనుభవం: కథ వినడం, బడి ఆవరణలో చెట్టును తాకి చూడడం, సంత గురించి మాట్లాడుకోవడం. రెండోది పూర్తి తరగతి సంభాషణ. ఇందులో పిల్లలు వాడిన మాటలు నల్లబల్ల మీదికి చేరతాయి. మూడోది బొమ్మ లేదా చేతిపని. నాలుగోది బొమ్మ ఆధారంగా మాట, వాక్యం, కథ రాయడం. ఐదోది పంచుకోవడం: రాసినవారే చదివి వినిపిస్తారు, మిగతావారు నచ్చిన అంశం చెప్పి ఒక ప్రశ్న అడుగుతారు, ఆపై పని గోడకెక్కుతుంది. ఇదంతా ఒకే పీరియడ్‌లో ముగియాల్సిన అవసరం లేదు. మొదటి మూడు మెట్లు ఒకరోజు, మిగతా రెండు మరుసటి రోజు జరపవచ్చు.

### నమూనా కృత్యం: ఒకే కాగితంతో బుల్లి పుస్తకం

రెండు, మూడు తరగతులకు అనువైన ఈ పనిలో జిగురు, దారం అక్కర్లేదు. దీర్ఘచతురస్రపు తెల్లకాగితాన్ని మూడుసార్లు సగానికి మడిచి విప్పితే ఎనిమిది గళ్లు వస్తాయి. తర్వాత పొట్టి అంచులు రెండూ కలిసేలా సగానికి మడిచి, మడత ఉన్న వైపు నుంచి మధ్యగీత వెంట గళ్ల కూడలి వరకు కత్తిరించాలి. కాగితాన్ని విప్పి, ఈసారి పొడవు అంచులు కలిసేలా మడిచి, రెండు కొసలనూ లోపలికి నెడితే నడుమ చీలిక తెరుచుకుని కూడిక గుర్తు ఆకారం వస్తుంది. ఆ రెక్కలను ఒకవైపుకు తిప్పితే ముందట్ట, వెనకట్ట, లోపల ఆరు పుటలతో పుస్తకం సిద్ధమవుతుంది.

ఆరు పుటలు కథకు చక్కగా సరిపోతాయి. మొదటి పుటలో ఎవరు, ఎక్కడ; రెండు, మూడు పుటల్లో ఏం జరిగింది; నాలుగులో చిక్కు; ఐదులో అది విడిన తీరు; ఆరులో ముగింపు. పుటకు ఒక బొమ్మ, దాని కింద ఒక వాక్యం ఉంటాయి. ముందట్ట మీద పేరు, రచయిత పేరు, వెనకట్ట మీద తరగతి, బడి పేరు రాస్తారు. కత్తిరింపు చిన్నపిల్లలకు కష్టం కాబట్టి ఉపాధ్యాయులు ముందే చేసి ఉంచుతారు.

### సామగ్రి, తరగతి అమరిక

పలక, సుద్దముక్కలు, మైనపు రంగులు, వాడిన కాగితాల వెనక వైపు, మట్టి, ఆకులతోనే చాలా కృత్యాలు సాగుతాయి. పసుపు, బీట్‌రూట్ రసం, బొగ్గు, ఇటుక పొడి, ఆకుపసరు సహజ రంగులుగా పనికొస్తాయి. పారేసే వస్తువులతో ఆటవస్తువులు చేసే పద్ధతులను ప్రచారం చేసిన అరవింద్ గుప్తా పుస్తకాలు తెలుగులోనూ లభిస్తాయి. బొమ్మల కథల పుస్తకాలు నమూనాలుగా ఉపయోగపడతాయి. మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్ వంటి ప్రచురణ సంస్థలు వీటిని అందిస్తున్నాయి.

ఒకే గదిలో రెండు మూడు తరగతులున్న బడుల్లో ఒకే ఇతివృత్తాన్ని స్థాయిని బట్టి విడగొడతారు. ‘వాన’ ఇతివృత్తమైతే ఒకటో తరగతి బొమ్మ గీసి పేర్లు రాస్తుంది. రెండో తరగతి బొమ్మకు మూడు వాక్యాలు రాస్తుంది. మూడో తరగతి వానకు తడిసిన పిల్లికి, కప్పకు మధ్య సంభాషణ రాస్తుంది.

## స్థానిక కళలతో అనుబంధం

ఇంటి ముందు ముగ్గు పిల్లలకు తెలిసిన తొలి రేఖాచిత్రం. చుక్కలు లెక్కించి గీతలు కలిపే ఈ పని గణితానికీ దగ్గరగా ఉంటుంది. తెలంగాణలో బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు, గునుగు పూల రంగుల వరసలు పరిశీలనకు వస్తాయి. చేర్యాల నకాషీ పటాలు కథను వరస బొమ్మల్లో చెప్పే పద్ధతికి, నిమ్మలకుంట తోలుబొమ్మలు నీడల ఆటకు, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు కొయ్యపనికి ఉదాహరణలు. తరగతి గదిలో వీటిని నకలు చేయించడం కంటే, పటంలా పొడవాటి కాగితం మీద తమ ఊరి కథను బొమ్మలుగా వేయించడం వంటి అనుసరణలు ఎక్కువగా సాధ్యమవుతాయి.

## ఇంటి భాష, బడి భాష

తెలుగు పిల్లలు ప్రాంతాన్ని బట్టి వేర్వేరు మాండలికాలు మాట్లాడతారు. తొలి రాతల్లో ఇంటి మాటను అలాగే ఉండనిచ్చి, ప్రమాణభాషా రూపాన్ని క్రమంగా పరిచయం చేయడం నేటి భాషాబోధనలో సిఫారసు చేసే పద్ధతి. ఆదివాసీ ప్రాంతాల్లో అంతరం మరింత ఎక్కువ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం సవర, కువి, కోయ, గోండి, కొలామి, లంబాడీ తదితర భాషల్లో తెలుగు లిపితో వాచకాలు రూపొందించింది. ఇటువంటి తరగతుల్లో బొమ్మ ఉమ్మడి ఆధారమవుతుంది. ఒకే బొమ్మకు పిల్లలు తమ భాషలో, తెలుగులో పేర్లు రాస్తారు.

ప్రవాసంలో పరిస్థితి దీనికి తలకిందులు. 2007లో అమెరికాలో మొదలైన సిలికానాంధ్ర మనబడి వంటి వారాంతపు తరగతులకు వచ్చే పిల్లలకు బడి భాష ఇంగ్లిషు, తెలుగు ప్రధానంగా ఇంటి భాష.

## మూల్యాంకనం

నిరంతర సమగ్ర మూల్యాంకనంలో నిర్మాణాత్మక మూల్యాంకనానికి పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాత అంశాలు, ప్రాజెక్టు పనులు, లఘుపరీక్ష సాధనాలు. కళలు సహపాఠ్య అంశంగానూ గ్రేడు పొందుతాయి. సృజనాత్మక రచనను చూసేటప్పుడు భావం, వరస, పదాల ఎంపిక, సొంతదనం, చివరగా రాత దోషాలు అనే క్రమం పాటించడం మేలని భాషా బోధకులు సూచిస్తారు. దోషాలన్నీ ఎర్రసిరాతో దిద్దడానికి బదులు వాక్యం కింద సరైన రూపం రాసి చూపడం, ఒక్కోసారి ఒక్క అంశమే, ఉదాహరణకు ఒత్తులు మాత్రమే, సరిచేయించడం వాడుకలో ఉన్న ప్రత్యామ్నాయాలు. ఒక్కొక్కరి పనులను తేదీలతో ఫైలులో భద్రపరిస్తే జూన్ నాటి బొమ్మకు, మార్చి నాటి బొమ్మకు తేడా తల్లిదండ్రులకూ తెలుస్తుంది.

## ప్రాధాన్యం, పరిశోధన

మట్టి పిసకడం, కత్తిరించడం, గీయడం వేళ్ల కండరాలకు పట్టునిచ్చి రాతకు సిద్ధం చేస్తాయి. తన బొమ్మను వర్ణించే పిల్లకు పదజాలం, వాక్యనిర్మాణం పెరుగుతాయి. 1991లో కాల్డ్‌వెల్, మూర్ ప్రచురించిన అధ్యయనంలో, రాయడానికి ముందు బొమ్మ గీసిన రెండు, మూడు తరగతుల పిల్లలు చర్చ మాత్రమే చేసినవారి కంటే మెరుగైన కథనాలు రాశారు. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో ప్రారంభించిన నిపుణ్ భారత్, తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమాలు ధారాళంగా చదవడం, అర్థవంతంగా రాయడం లక్ష్యాలుగా పెట్టుకున్నాయి. తొలి తరగతుల్లో సొంత రాతకు ఈ లక్ష్యాలతో నేరుగా సంబంధం ఉంది.

## విమర్శలు, పరిమితులు

కళ స్థానం: ఇతర పాఠాల బోధనకు కళను వాడుకోవడమే చాలని ఒక వర్గం, అలా చేస్తే కళ కేవలం సాధనంగా మిగులుతుందని, దానికి ప్రత్యేక సమయం, శిక్షణ ఉండాలని మరో వర్గం వాదిస్తాయి. ప్రాథమిక పాఠశాలల్లో సాధారణంగా డ్రాయింగ్ ఉపాధ్యాయులు ఉండరు. తరగతి ఉపాధ్యాయులే ఈ పని చూడాలి.

దోషాల సవరణ: తొలి రాతల్లో దోషాలను వదిలేస్తే అలవాటుగా స్థిరపడతాయన్న భయం తల్లిదండ్రుల్లో, కొందరు ఉపాధ్యాయుల్లో ఉంది. అక్షరాలు, గుణింతాల క్రమబద్ధ బోధన పక్కనే స్వేచ్ఛారచన సాగాలన్నది మధ్యేమార్గం.

మూస పనులు: రెండు కొండల నడుమ సూర్యుడు, ఇల్లు, కొబ్బరిచెట్టు వంటి మూస బొమ్మలు, గైడ్లలోని జవాబును చూసి రాసే ‘సొంత’ కథ, తల్లిదండ్రులు చేసిపెట్టే ప్రాజెక్టు తరచుగా వినిపించే ఫిర్యాదులు.

పోటీలు, బహుమతులు: చిత్రలేఖన పోటీలు గుర్తింపు తెస్తాయి. 1949లో ఢిల్లీలో మొదలైన శంకర్స్ బాలల పోటీ ఇందుకు పేరొందింది. అయితే మార్క్ లెపర్, ఆయన సహచరులు 1973లో జరిపిన ప్రయోగంలో, బహుమతి వస్తుందని ముందే చెప్పి గీయించిన చిన్నపిల్లలకు ఆ తర్వాత బొమ్మలపై ఆసక్తి తగ్గింది. అనుకోకుండా బహుమతి అందుకున్నవారిలో, ఏ బహుమతీ పొందనివారిలో ఆ తగ్గుదల కనిపించలేదు.

## ప్రచురణ వేదికలు

తొలి తరగతుల పనులకు గోడపత్రిక, బాలసభ, తరగతి సంకలనం సులభ వేదికలు. వెలుపల, చెన్నేకొత్తపల్లి ప్రకృతి బడి నుంచి 2008లో మొదలైన ‘కొత్తపల్లి’ పత్రిక పిల్లలు రాసిన కథలను ప్రచురించింది. తెలంగాణలో ‘బాలచెలిమి’ జిల్లాల వారీగా బడి పిల్లల కథల సంకలనాలు తెచ్చింది. ఇలాంటి సంకలనాల్లో పెద్ద తరగతుల రచనలే అధికం. ఒకటి, రెండు తరగతుల పిల్లల పని ఎక్కువగా తరగతి గోడలకు, బడిలో భద్రపరిచిన ఫైళ్లకు పరిమితమవుతోంది.